పడవకు తూకం

ఆయన భయస్తుడు. ఈ మాట ఆయన చాటున అనేది కాదు, మొహం మీదే అంటారు, ఆయనా ఒప్పుకుంటాడు. లిఫ్టు ఎక్కడు. రోడ్డు దాటాలంటే పక్కన ఇంకెవరైనా దాటేవాళ్ళు వచ్చేదాకా నిలబడతాడు. గ్యాస్ కట్టేశానని భార్య చెప్పినా సరే, వంటింట్లోకి వెళ్ళి తన చేత్తో ఓసారి తిప్పి చూసుకుంటే గాని స్థిమితం ఉండదు. చిన్నప్పుడు ఏదో ఘోరం జరిగి ఇలా తయారయ్యాడని ఎవరైనా మీకు కథ చెబితే నమ్మకండి. ఏమీ జరగలేదు. కొందరికి ఎడమచేతి వాటం పుట్టుకతో వస్తుంది, ఈయనకు భయం అలా వచ్చింది.

చేసే పని తూకపు యంత్రాలు బాగుచేయడం. మార్కెట్ వీధి చివర, టైర్ల షాపుకూ మందుల షాపుకూ మధ్య ఇరుక్కున్న చిన్న కొట్టు. కూరగాయల బల్ల మీద పెట్టే చిన్న కాటా నుంచి పాత ఇనుము కొట్టువాడి నేల కాటా దాకా అన్నీ ఆయన చేతికే వస్తాయి. అందుకే వీధిలో అందరికీ ఆయన ‘కాటా’ అయిపోయాడు. అసలు పేరుతో పిలిస్తే ఆయనే ఓ క్షణం ఎవరినో అనుకుంటాడు. ఏడాదికోసారైనా ఎవరో ఒక వ్యాపారి వచ్చి, ముల్లు కాస్త మనవైపు మొగ్గేలా సర్దిపెట్టమని చెవిలో చెబుతాడు. కాటా ఒప్పుకోడు. ఎంత నిజాయితీపరుడో అని వీధి వీధంతా మెచ్చుకుంటుంది గాని, మొదట్లో అదీ భయమే. పట్టుబడితే ఏమవుతుందోనని. కానీ భయంతోనైనా సరే ఇన్నేళ్ళు నిజమే చెప్పి చెప్పి, ఇప్పుడు తప్పుడు తూకం చెప్పమంటే ఆయన నోరు తిరగదు.

ఆయనకు ఒక్కతే కూతురు. కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. ఆ పిల్ల పెరిగిందంతా ‘వద్దు’ అనే మాట మధ్యనే. సైకిలు వద్దు, పడతావు. మేడ మీదికి వద్దు, గోడ పొట్టిది. కాలేజీ వాళ్ళతో కొండల్లోకి వద్దు, బస్సు బ్రేకులు ఎలాంటివో ఏమో. పిల్ల మంచిది కాబట్టి చాలావరకు విన్నది. ఈత మాత్రం మేనమామ దగ్గర గుట్టుచప్పుడు కాకుండా నేర్చేసుకుంది. గేలం వేయడమూ అక్కడే అబ్బింది. ఆ మేనమామ బోర్డులు రాసే పెయింటరు. వారమంతా నిచ్చెన మీద, సెలవు దొరికితే పడవలో. ఫైబరు పడవ, వెనక చిన్న ఇంజను. పెళ్ళి చేసుకోకుండా దాన్ని కొన్నాడని అక్కకు ఇప్పటికీ కోపం.

ఒకరోజు భోజనాల దగ్గర పిల్ల నెమ్మదిగా చెప్పింది. “నాన్నా, మావయ్యతో కలిసి మొగ దాటి అవతలి మడ అడవుల్లోకి వెళ్తున్నా. నాలుగు రోజులు.”

మొగ అంటే ఏరు వెళ్ళి సముద్రంలో కలిసేచోటు. అది దాటి, ఒడ్డు వెంబడే సగం రోజు పోతే మడ అడవి మొదలవుతుంది. అక్కడ ఊళ్ళు లేవు. దీపం లేదు. తాగే నీళ్ళు లేవు. ఫోను పనిచేయదు. బురదలోకి వేళ్ళు దించుకున్న చెట్లూ, వాటి మధ్య ఉప్పునీటి పాయలూ, చేపలూ తప్ప పిలిస్తే పలికే ప్రాణి లేదు. ఇదంతా మేనమామ ఎన్నోసార్లు కళ్ళు మెరుస్తూ వర్ణించినదే. విన్నప్పుడల్లా కాటా అరచేతులకు చెమటలు పట్టేవి.

“వద్దు,” అన్నాడు.

“అడగట్లేదు నాన్నా. చెప్తున్నా.”

ఆయన భార్యవైపు చూశాడు. ఆవిడ సోఫా కవర్లు కుట్టే మనిషి. తినడం ముగించి అప్పటికే ముందుగదిలో మిషను ముందు కూర్చుంది. తల ఎత్తకుండానే తీర్పు చెప్పేసింది. “వెళ్ళనివ్వండి. మా తమ్ముడికి ఆ నీళ్ళు కొట్టిన పిండి. మీ భయం మీ దగ్గరే ఉంచుకోండి, దానికి అంటించకండి.”

ఆవిడ ఎప్పుడూ అంతే. పిల్ల జ్వరంతో మూలుగుతున్నా, వానలో ఆలస్యంగా వచ్చినా, ‘ఏం కాదు, ఊరుకోండి’ అనేసి మళ్ళీ కుట్టుకుంటుంది. ఈ గుండె ఏ రాయితో చేశారో అని ఆయన చాలాసార్లు అనుకున్నాడు.

చేయి కడుక్కుని వచ్చి, గోడకు ఆనుకుని నిలబడి, కాటా అన్న మాటకు ఇంట్లో కుట్టుమిషను ఆగిపోయింది. “అయితే నేనూ వస్తాను.”

ఆ రోజు నుంచి ప్రయాణపు ఏర్పాట్లన్నీ ఆయన నెత్తిన వేసుకున్నాడు. బావమరిది దృష్టిలో ఏర్పాట్లంటే పెద్ద సంగతేం కాదు. నీళ్ళు, పెట్రోలు, బియ్యం, పప్పు, గేలాలు, ఐసుపెట్టె. పెట్రోలులో ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, ఒక వంతు దేవుడికి. ఇంతే ఆయన శాస్త్రం. కాటా మాత్రం రోజూ సాయంత్రం ఏదో ఒక ప్రశ్న పట్టుకుని బావమరిది నిచ్చెన కిందికి వెళ్ళి నిలబడేవాడు.

“ఇంజను ఆగిపోతే?”

“తెడ్లు ఉన్నాయి బావా.”

“తెడ్డు విరిగితే?”

“రెండోది ఉందిగా.”

“రెండూ విరిగితే?”

“అప్పుడు నిన్ను దింపి వెనకనుంచి తోయిస్తాం,” అన్నాడు బావమరిది, పై నుంచి అక్షరానికి రంగు వేస్తూ.

కాటాకు నవ్వు రాలేదు. ఎవరికీ చెప్పలేదు గాని, ఆయన అడిగే ప్రతి ప్రశ్న చివరా పిల్ల నీళ్ళలో ఉండేది. కొట్టులో స్క్రూ బిగిస్తుంటే హఠాత్తుగా పిల్ల చెయ్యి ఒక్కటే నీటిపైన కనబడేది, స్క్రూ ఎక్కడో జారిపోయేది, బల్ల కింద వెతుక్కుంటూ కూడా అదే కనబడేది. అన్నం ముద్ద గొంతు దిగేది కాదు. తను కూడా వెళ్తే ఏం చేయగలడు? ఆయనకు ఈత రాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా పిల్ల ఒక్కతే అక్కడ, తను ఇక్కడ అన్న ఆలోచన కంటే, తనూ అక్కడే మునిగిపోవడం నయమనిపించేది.

భయం ఎక్కువైన కొద్దీ సామాను పెరిగింది. ఒక లంగరు చాలదని రెండోది కొన్నాడు. పొయ్యి రెండు. టార్చీలు ఇంటిల్లిపాదికీ సరిపోయేటన్ని. నీళ్ళ డబ్బాలు, తాళ్ళు, టార్పాలిన్లు, మందులు, దూరాన ఎవరికైనా కనబడేలా ఆపదలో వెలిగించే ఎర్ర మంటల కర్రలు. ముందుగదిలో నడవడానికి దారి లేకుండా పోయింది. భార్య కుట్టుమిషను చుట్టూ డబ్బాల ప్రహరీ లేచింది.

“చేపలు పట్టడానికి వెళ్తున్నాం బావా, కాపురం మార్చడానికి కాదు,” అన్నాడు బావమరిది గుమ్మంలోనే నిలబడిపోయి. “పడవ కట్టినవాడు అయిదు క్వింటాళ్ళు దాటించొద్దని చెప్పాడు. మొగ దగ్గర కెరటాలు నిలువుగా లేస్తాయి. బరువైన పడవ తలెత్తదు, కెరటం నేరుగా లోపలికే వస్తుంది.”

ఇది కొత్త భయం. విన్న వెంటనే పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ చాలా రోజుల తర్వాత కాటాకు కాళ్ళ కింద నేల ఉన్నట్టు అనిపించింది కూడా ఆ మాటతోనే. కెరటాల సంగతి, ఇంజన్ల సంగతి ఆయనకు తెలియదు. బరువు సంగతి తెలుసు.

మర్నాడు ఇనుము కొట్టు నుంచి బాగుచేతకు వచ్చిన నేల కాటాను కొట్టు ముందు అరుగు మీద పరిచాడు. సామానంతా ఆటోలో తెప్పించాడు. అది వీధివాళ్ళకు ఉచిత వినోదం అయింది. మందుల షాపాయన కుర్చీ బయట వేసుకుని కూర్చున్నాడు. కాటా ఒక్కొక్క వస్తువూ ఎక్కించడం, బటన్లు నొక్కడం, దింపడం. ఆ యంత్రంలో తూచినదాన్నంతా తనే కూడుకుంటూ పోయే ఏర్పాటు ఉంది, కాబట్టి కాగితం పనిలేదు. చివరికి మనుషుల వంతు వచ్చింది. ముందు తను, తర్వాత బావమరిది, తర్వాత పిల్ల.

“నన్ను కూడా తూస్తావా?” అంది పిల్ల, నవ్వుతూ కాటా మీదికి ఎక్కి.

“నీ బట్టల సంచితో సహా,” అని ఆయన బటన్ నొక్కి, సంచి అందించి, మళ్ళీ నొక్కాడు.

మొత్తం అయిదు క్వింటాళ్ళకు లోపలే వచ్చింది. ఇంకా కాస్త మిగులు కూడా ఉంది. ఆయన మొహం విప్పారింది. ఆ మిగులుకు సరిపడా ఇంకో పెట్రోలు డబ్బా తెచ్చి పెట్టాడు. ఆ సాయంత్రం అన్నం కడుపునిండా తిన్నాడు, రెండోసారి వడ్డించుకున్నాడు కూడా.

బయల్దేరే రోజు తెల్లవారగానే ఊరి కాలువలో పడవకు సామాను ఎక్కించారు. బావమరిది నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు పడవ అంచు వైపు చూశాడు.

“కాస్త కిందికే కూర్చున్నట్టుందే.”

“తూకం సరిపోయింది,” అన్నాడు కాటా.

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే బావమరిది మళ్ళీ చూసేవాడే. కానీ తూకం విషయంలో కాటా మాటకు వీధిలో తిరుగులేదు. ఆయన సరే అని తాడు విప్పాడు. ముగ్గురూ ఎక్కి కూర్చున్నారు. లైఫ్ జాకెట్టు బిగువుగా కట్టుకుని, పడవ అంచును రెండు చేతులా పట్టుకుని, కాటా ఎదురుగా ఐసుపెట్టె మీద కూర్చున్న కూతుర్నే చూస్తున్నాడు. పిల్ల మొహంలో ఉన్న సంబరం ఆయన అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

కాలువ దాటి ఏట్లోకి వచ్చారు. గాలి లేదు, నీళ్ళు కదలకుండా ఉన్నాయి. ఎదురుగా ఇసుక వేసుకుని ఒక పెద్ద లాంచీ వచ్చి పక్కనుంచి వెళ్ళిపోయింది. దాని వెనక లేచిన అల పెద్దదేం కాదు, మోకాలి ఎత్తు కూడా ఉండదు. అది తాపీగా వచ్చి, పడవ అంచును ఎక్కి, లోపలికి దిగి, కాటా పాదాలను తడిపింది.

బావమరిది ఇంజను తగ్గించి, మగ్గు తీసుకుని నీళ్ళు తోడసాగాడు. కాటా తన పాదాల వైపు చూశాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఏట్లో ఇంత చిన్న అలకే ఇలా అయితే మొగలో ఏమిటి? తూకం తప్పలేదు. తన తూకం తప్పదు. సామానంతా తూచాడు, మనుషుల్ని తూచాడు. పిల్ల కాటా మీదికి ఎక్కింది, తను బటన్ నొక్కాడు, సంచి ఇచ్చాడు.

ఏ బటన్?

కొట్లో ఏం తూచాలన్నా ముందు ఖాళీ డబ్బా పెట్టి, దాని బరువు సున్నా చేసి, అప్పుడు సరుకు పోస్తారు. డబ్బా బరువుకు ఎవరూ డబ్బివ్వరు కదా. ముప్పై ఏళ్ళుగా ఆయన బొటనవేలు చేస్తున్న పని అదే. కింద ఏదైనా నిలబడి ఉండి, దానిమీదికి ఇంకేదైనా రాబోతుంటే, వేలు దానంతట అదే వెళ్ళి కిందదాన్ని సున్నా చేస్తుంది. నీళ్ళు తూచాడు, డబ్బాలు తూగలేదు. ఐసు తూచాడు, పెట్టె తూగలేదు. తను నిలబడి తన సంచి తూచాడు. బావమరిదిని నిలబెట్టి అతని సంచి తూచాడు. కూతుర్ని నిలబెట్టి కూతురి బట్టలు తూచాడు. ఎవరి కోసమైతే ఇన్ని రోజులు అన్నం మానేశాడో, ఆ పిల్లను తన చేత్తోనే ఖాళీ డబ్బా కింద లెక్క కట్టేశాడు.

“ఆపు,” అన్నాడు. “ఒడ్డుకు పోనీ. మనం ముగ్గురం తూకంలో లేము.”

సంగతి అర్థం కావడానికి బావమరిదికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వబోయాడు, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఇంకాసేపట్లో వాళ్ళు మొగలో ఉండేవాళ్ళు.

మొగకు ఇవతల ఒక చివరి రేవు ఉంది. ఐసు అమ్మే రేకుల షెడ్డు, దాని ముందు బస్సు తిరిగే చోటు, అంతే. పడవను అక్కడ కట్టి దిగారు. కాటా నేల మీద కూలబడ్డాడు. పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. బావమరిది పడవ దగ్గరే నిలబడి మొగవైపు చూస్తున్నాడు. పోటు మీద ఉన్నప్పుడే దాటాలి, పోటు తగ్గి నీళ్ళు వెనక్కి తీయడం మొదలైతే ఈ రోజుకు ఇక కుదరదు.

“పోనీలే నాన్నా,” అంది పిల్ల. “నువ్వు వద్దంటే వెనక్కి వెళ్ళిపోదాం. ఈసారి నేనేమీ అనను.”

ఇన్నాళ్ళూ ఆయన కోరుకున్నది ఆ మాటే. ‘వద్దు’ అంటే చాలు. పిల్ల ఇంటికి వచ్చేస్తుంది, రేపు కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్తుంది, సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతుంది. తప్పు కూడా తనదే కాబట్టి ఎవరూ వాదించరు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడాయన పడవ వైపు చూశాడు. అందులో ఎక్కువైన బరువు ఎవరిది? రెండో లంగరు, రెండో పొయ్యి, చివర్లో తెచ్చిన పెట్రోలు, కట్టలు కట్టలు తాళ్ళు. అన్నీ తన భయం కొన్నవే. అవి దించినా ఇంకా సరిపోదని కళ్ళతోనే తెలుస్తోంది. ముగ్గురిలోకి భారీ మనిషి తనే. తను దిగితే తనతోపాటు తన సంచీ, తను తాగే నీళ్ళూ, తను తినే బియ్యమూ దిగుతాయి. అప్పుడు ఆ పడవకు ఏ లోటూ లేదు. బావమరిది ఏళ్ళ తరబడి అలాగే వెళ్ళివస్తున్నాడు. పడవ మంచిది కాదని ఇప్పుడు చెబితే అది తప్పుడు తూకం.

“వద్దు అనడం లేదు,” అన్నాడు. “నేను దిగిపోతాను. మీరిద్దరూ వెళ్ళండి.”

“నువ్వు లేకుండానా?” అంది పిల్ల.

“నేను ఉంటేనే మునుగుతారు.”

సామాను దించడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటి దిగే కొద్దీ పడవ అంచు నీటి పైకి లేచింది. బావమరిది వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. హాస్యమాడలేదు. “పిల్లని తెచ్చి అప్పజెప్తా బావా,” అన్నాడు. కాటా తల ఊపాడు. నోరు తెరిస్తే ఏం బయటికొస్తుందోనని తెరవలేదు. పడవ బయల్దేరింది. పిల్ల ఒకసారి చెయ్యి ఊపి, తర్వాత ముందుకు తిరిగి కూర్చుంది. అది మొగలోకి వెళ్ళి, మొదటి కెరటానికి తలెత్తి, దిగి, మళ్ళీ తలెత్తి, చిన్నదై, కనబడకుండా పోయేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. ఆ తర్వాత రెండుసార్లు వాంతి చేసుకున్నాడు.

దించిన సామాను ఐసు షెడ్డులో ఉంచి బస్సెక్కాడు. బస్సులో అందరూ ఎందుకు చూస్తున్నారో ఆయనకు తెలియలేదు. లైఫ్ జాకెట్టు విప్పడం మరిచిపోయాడు.

మధ్యాహ్నం ఎండలో ఇంటి గుమ్మంలో నిలబడేసరికి భార్య మిషను మీద ఉంది. ఆయన ఒక్కడే, నారింజ రంగు జాకెట్టుతో, పక్కన ఎవరూ లేకుండా. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మొహం ఆయన ఎన్నడూ చూసి ఎరగడు.

“పిల్లేదీ?”

“బాగుంది. వెళ్ళింది. మీ తమ్ముడితో వెళ్ళింది,” అన్నాడు గబగబా. “పడవలో బరువెక్కువైంది, దించాల్సి వచ్చింది.”

“ఏం దించారు?”

“నన్ను.”

ఆవిడ నవ్వలేదు. కుర్చీలోంచి జారి, కింద గుడ్డముక్కల మధ్య కూర్చుండిపోయింది. ఒళ్ళో పెట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. రెండో చేత్తో మొదటిదాన్ని పట్టుకుంది, అయినా ఆగలేదు.

“నీకు భయంగా ఉందా?” అన్నాడు, నమ్మలేక.

“ఇవాళ కొత్తగా వచ్చిందా? అది పుట్టిన రోజునుంచీ ఉంది.”

“ఒక్కసారీ చెప్పలేదే.”

“ఇంట్లో ఇద్దరం భయపడితే ఆ పిల్ల గడప దాటేదా?” అంది ఆవిడ. కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు. “మీరు ముందే ఆ పని తీసేసుకున్నారు. ఇక నాకు మిగిలింది లేనట్టు ఉండటమే.”

కాటా ఆవిడ చేతుల వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా తన గ్యాస్ స్టవ్వు, తన లిఫ్టు, తన ప్రశ్నలు. పక్కనే ఈవిడ మిషను తొక్కుతూ ఇదంతా మోసింది. ఆయన వెళ్ళి గుడ్డముక్కలు పక్కకు నెట్టి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

“ఏం కాదు, ఊరుకో. మీ తమ్ముడికి ఆ నీళ్ళు కొట్టిన పిండి,” అన్నాడు. ఆ మాటలు తన నోట్లో వింతగా ఉన్నాయి.

“నిజంగానేనా?” అంది ఆవిడ.

“అది నాకు తెలియదు. పడవ మాత్రం తేలిగ్గా వెళ్ళింది. నా కళ్ళతో చూశాను.”

ఆవిడ ఆయన జాకెట్టు బకిల్ విప్పబోయింది, వేళ్ళు వణికి పట్టు దొరకలేదు. ఆయనా ప్రయత్నించాడు, ఆయన వేళ్ళకూ దొరకలేదు. చాలాసేపు ఇద్దరూ దానితోనే తంటాలు పడుతూ కూర్చున్నారు.